ఫుట్‌బాల్‌లో చిన్న లీగులకు డబ్బు పంచితే పెద్ద లీగులతో అంతరం తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా?

అమలాపురం ఆఫ్‌సైడ్:
ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అట్టడుగున నిలిచి దిగిపోయే జట్టుక్కూడా ఏడాదికి 10 కోట్ల పౌండ్ల పైనే ముడుతోంది. యూరప్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ 36 జట్లలో చోటు దొరికిన చిన్న దేశపు క్లబ్బుకి 2024-25లో ముందుగా చేతికొచ్చింది 1 కోటి 86 లక్షల యూరోలు. గెలిస్తే మ్యాచ్‌కి 21 లక్షలు, డ్రా అయితే 7 లక్షలు. ఎనిమిదికి ఎనిమిదీ గెలిచినా ఈ రెండు పద్దుల కింద మూడున్నర కోట్లే, ర్యాంకు బోనసులు వేరు.
అసలు తిరకాసు పంపకంలో ఉంది. మొత్తం 243 కోట్ల 70 లక్షల యూరోల్లో సమానంగా పంచేది 27.5 శాతం, ఫలితాలకి 37.5. మిగిలిన 35 శాతం ‘వేల్యూ’ పద్దు. అందులో చూసేది టీవీ మార్కెట్ సైజూ, ఐదేళ్ల, పదేళ్ల రికార్డూ. అంటే నిన్న ఉన్నవాడికే ఇవాళ కూడా. ఆ 35 ఎత్తేసి సమాన వాటాలో కలిపెయ్యాలి. 1991లో రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్, 1995లో అయాక్స్ కప్పు ఎత్తాయి. ఆ తర్వాత ఐదు పెద్ద దేశాల (ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్) బయటి నుంచి గెలిచింది 2004లో పోర్టో ఒక్కటే.

భీమవరం బాక్స్:
మరేనండీ, కలిపేద్దాం. కలిపాక ఏమవుతుందో కూడా చెప్పండి. ఆ డబ్బు చిన్న లీగుకి వెళ్లదు, చిన్న లీగులో ఒక్క క్లబ్బుకి వెళ్తుంది. బల్గేరియాలో లుదోగొరెత్స్ 2012 నుంచి 2025 దాకా వరసగా 14 టైటిళ్లు కొట్టింది. బెలారస్‌లో బాటె 2006 నుంచి 2018 దాకా వరసగా 13. యూరప్ డబ్బు ఒకసారి తగిలితే పక్క క్లబ్బుల్లో కాస్త ఆడేవాణ్ణల్లా కొనేస్తారు, మళ్లీ గెలుస్తారు, మళ్లీ యూరప్ వెళ్తారు. చిన్న లీగు బతికేది ఆటగాళ్లని అమ్ముకుని. ముందు ఆ లెక్క సరిగ్గా రాబట్టుకోవాలి.

పాలకొల్లు పాస్:
ఇవాళ మ్యాచ్ ఎన్నింటికండీ?

అమలాపురం ఆఫ్‌సైడ్:
శివారు పొలానికి నీళ్లందాలంటే ఎగువ తూములు కాసేపు మూయాల్సిందే. దాళ్వాలో వంతులు పెట్టేది అందుకే కదండీ. ‘ముందు మీ బోదె బాగుచేసుకోండి’ అని శివారు రైతుకి నీతి చెబితే ఎలా?

భీమవరం బాక్స్:
గోదావరి ఎవరి సొత్తూ కాదు. ప్రీమియర్ లీగ్ టీవీ డబ్బు వాళ్ల ఆటని వాళ్లు అమ్ముకుంటే వచ్చింది. పైగా వాళ్లలో వాళ్లు బాగానే పంచుకుంటారు. దేశం లోపలి హక్కుల డబ్బులో సగం సమానంగా, పావు స్థానాన్ని బట్టి, పావు టీవీలో ఎన్ని మ్యాచ్‌లు వేశారన్నదాన్ని బట్టి. స్పెయిన్‌లో 2015 డిక్రీ వచ్చేదాకా రియల్ మాడ్రిడ్, బార్సిలోనా ఎవరి టీవీ హక్కులు వాళ్లే అమ్ముకునేవి. పోలికే తప్పు.

అమలాపురం ఆఫ్‌సైడ్:
పోలిక ఏమీ తప్పలేదు. ఆ లీగులో ఆడేవాళ్లలో సగం మంది ఎక్కణ్ణుంచి వచ్చారు? నీళ్లంటే ఆటగాళ్లు. పైనుంచి కాదు, కింద నుంచి పైకి పారుతున్నాయి.

రాజోలు రైట్‌బ్యాక్:
వంతులు పెట్టేది నీళ్లు చాలనప్పుడేనండీ. సార్వాలో ఎవరూ పెట్టరు.

భీమవరం బాక్స్:
అదీ మాట. అక్కడ డబ్బుకి కరువేమీ లేదు.

నరసాపురం నెంబర్ 6:
మీరిద్దరూ నీటి సంఘం ఎలక్షన్లో నిలబడండి, ఫుట్‌బాల్ మాకొదిలెయ్యండి. బాక్స్ గారూ, లెక్క రాబట్టుకోవడం అన్నారు, ఎలాగో చెప్పండి.

భీమవరం బాక్స్:
చెబుతాను. కాంట్రాక్టు ఇంకా ఉండగా ఆటగాణ్ణి వేరే దేశానికి అమ్మితే, ఆ సొమ్ములో 5 శాతం తీసి 12 నుంచి 23 ఏళ్ల వయసులో అతనికి ఆట నేర్పిన క్లబ్బులకి పంచాలి. ఫిఫా దీన్ని సాలిడారిటీ అంటుంది. 12 నుంచి 15 దాకా ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 దాకా ఏడాదికి 0.5 శాతం. పన్నెండో ఏట నుంచి పదిహేడో ఏడు నిండా ఉంచుకున్న క్లబ్బుకి 1 శాతం, ఇంకో 1 శాతం, మొత్తం 2. తర్వాత ఆ కుర్రాడు 2 కోట్ల యూరోలకి అమ్ముడుపోతే 4 లక్షల యూరోలు. చిన్న క్లబ్బుకి అది ఊపిరి.
దెబ్బతినేది కాగితాల దగ్గర. 2022 నవంబరు నుంచి ఈ చెల్లింపులు ఫిఫా క్లియరింగ్ హౌస్ మీదుగా వెళ్తున్నాయి. అది చూసేది ఆటగాడి ఎలక్ట్రానిక్ పాస్‌పోర్టు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ క్లబ్బు పేరు మీద రిజిస్టరై ఉన్నాడో అందులో ఉండాలి. పదమూడేళ్ల కుర్రాణ్ణి రిజిస్టర్ చేయకుండా రెండేళ్లు ఆడించారనుకోండి, ఆ రెండేళ్లూ గోదాట్లో కలిసినట్టే. మన దగ్గర మరీ దారుణం. కుర్రాళ్లు ఆడేది హైస్కూలు గ్రౌండులో, స్కూలు పేరు మీద. ఏఐఎఫ్ఎఫ్ (మన ఫుట్‌బాల్ ఫెడరేషన్) నడిపే సీఆర్ఎస్ అనే ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో క్లబ్బు పేరుతో ఎక్కించకపోతే ఎవరు నేర్పారన్నదానికి రుజువే లేదు.
ఇంకోటి, అమ్మేటప్పుడు ‘మళ్లీ అమ్మితే మాకింత’ అని రాయించుకోవాలి. 10 శాతమో 20 శాతమో రాయడం మామూలే. కానీ మొత్తం ధర మీదా, లాభం మీదా అన్నది స్పష్టంగా ఉండాలి. కోటికి అమ్మినవాణ్ణి రెండు కోట్లకి అమ్మితే, లాభం మీద 20 శాతమంటే 20 లక్షలు, మొత్తం మీదయితే 40.

యానాం బ్లూస్:
పెద్ద లీగు అనిపించుకున్నవాళ్ల పరిస్థితీ చూడండి. ఫ్రాన్స్ 2020లో టీవీ హక్కుల కోసం మీడియాప్రో అనే కంపెనీని నమ్ముకుంది, ఏడాదికి 80 కోట్ల యూరోల పైమాట. అక్టోబరు వాయిదాకే చేతులెత్తేశారు. 2024లో డాజోన్ 40 కోట్లకి వచ్చి ఒక్క సీజనుతో వెళ్లిపోయింది. 2025లో లీగే సొంత ఛానల్ పెట్టుకుంది.

కాకినాడ కీపర్:
మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) సంగతెవరూ ఎత్తరేం? 2010లో ఫెడరేషన్ ఏడాదికి సుమారు 50 కోట్ల రూపాయలకి 15 ఏళ్లు హక్కులు రాసిచ్చేసింది. గడువు దగ్గరపడేసరికి 2025లో లీగే ఆగింది. హైదరాబాద్ జట్టు ఢిల్లీ వెళ్లిపోయింది. మనకి ఛాంపియన్స్ లీగ్ పంపకం గొడవ!

అమలాపురం ఆఫ్‌సైడ్:
బాక్స్ గారు చెప్పిందంతా కరెక్టే, అదే నా ఏడుపు. 2 కోట్ల యూరోల ఆటగాణ్ణి ఇచ్చి 4 లక్షలు పుచ్చుకోవడం సంతోషించే విషయమా? మీ దృష్టిలో చిన్న లీగంటే పశువుల సంత. సరుకు బాగుందా, రసీదు ఉందా, అంతే.

భీమవరం బాక్స్:
మాట జారకండి. మీకు చిన్న లీగు మీద ప్రేమ లేదు, మాడ్రిడ్ ఓడిపోతుంటే చూడాలని కసి. బల్గేరియాలో రెండో స్థానం ఎవరిదో ఎప్పుడైనా పట్టించుకున్నారా?

పాలకొల్లు పాస్:
ఆయ్, మొదలైంది.

అమలాపురం ఆఫ్‌సైడ్:
కసే. ఎందుకుండకూడదు? ఛాంపియన్ అన్నవాడు యూరప్‌లో నిలబడలేకపోతే ఆ లీగు ఎందుకు?

భీమవరం బాక్స్:
అదిగో, ఇప్పుడు బయటపడింది. నాకు లీగు కావాల్సింది యూరప్ కోసం కాదు. శనివారం సాయంత్రం పక్క ఊరి జట్టుతో ఆడితే ఎవరు గెలుస్తారో తెలియకూడదు, అంతే. ఇంగ్లండ్‌లోనే అది పోతోంది. దిగిపోయిన జట్టుకి పారాచూట్ డబ్బు మూడేళ్లు ఇస్తారు. సమాన వాటాలో 55 శాతం, 45, 20. పైకొచ్చి ఒక్క ఏడాదే ఉన్నవాళ్లకి రెండేళ్లే. ఆ డబ్బుతో వాళ్లు కింది డివిజన్‌ని తొక్కేస్తారు. అయినా 2023-24లో పైకొచ్చిన ముగ్గురూ దిగిపోయారు, 2024-25లోనూ ముగ్గురూ దిగిపోయారు. ఇచ్చేదేదో ఛాంపియన్‌కి కాదు, లీగులో మిగిలినవాళ్లకి ఇవ్వండి. యూరప్ పోటీల ఆదాయంలో, యూరప్ ఆడని క్లబ్బులకి ఇప్పుడు వెళ్తున్నది 7 శాతం. దాన్ని 15 చేయండి, నేనూ సంతకం పెడతాను.

నరసాపురం నెంబర్ 6:
క్రొయేషియా 2025 చూడండి మరి. రియెకా, డినామో జాగ్రెబ్ చెరో 65 పాయింట్లు. ముఖాముఖి ఫలితాల మీద టైటిల్ రియెకాది. బాక్స్ గారు అడిగేది ఇలాంటి లీగే.

అమలాపురం ఆఫ్‌సైడ్:
ఆ కథ సగంలో ఆపకండి. ఆ జులైలో ఛాంపియన్స్ లీగ్ రెండో అర్హత రౌండులోనే రియెకా ఇంటికి. ఓడించిందెవరు? పద్నాలుగు టైటిళ్ల లుదోగొరెత్స్. మీ 15 శాతం అందరికీ పంచితే ప్రతి దేశం నుంచీ రియెకాలే వస్తాయి, అందరూ జులైలోనే ఇంటికి. ఒప్పుకుంటారా?

భీమవరం బాక్స్:
ఓడనివ్వండి. ఆగస్టులో వాళ్లకి సొంత లీగు ఉంది కదా.

అమలాపురం ఆఫ్‌సైడ్:
నేను ఒప్పుకోను.

రాజోలు రైట్‌బ్యాక్:
బాక్స్ గారూ, ఆ సీఆర్ఎస్‌లో క్లబ్బుని ఎక్కించాలంటే ముందు జిల్లా సంఘంలో చేరాలా, నేరుగా రాష్ట్ర సంఘానికేనా?