‘దేశమును ప్రేమించుమన్నా’లో ‘ను’ లఘువా, గురువా?

గురజాడ వారి ‘దేశభక్తి’ గేయం మొదటి పాదంలో ఒక్క అక్షరం గురించి మీ అందరి అభిప్రాయం కావాలి.

ఏఐ కోడింగ్ అసిస్టెంట్ చేత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న స్క్రిప్టు రాయిస్తున్నాను. గేయం అతికిస్తే గురులఘువులు గుర్తించి, పాదానికి ఎన్ని మాత్రలో (పలికే కాలానికి కొలత; లఘువుకి ఒకటి, గురువుకి రెండు) చెప్పాలి, అంతే. విజయనగరంలో ఉండి పరీక్షకు గురజాడ వారు ఈ గేయం రాసిన ఛందస్సు, ముత్యాల సరం కాక ఇంకేం తీసుకుంటాం?

దాని నడక మీకు తెలిసిందే: మూడు, నాలుగు, మూడు, నాలుగు, మొత్తం 14 మాత్రలు. ఈ చరణంలో నాలుగో పాదం మాత్రం 12 దగ్గర ఆగుతుంది. ‘వొట్టి మాటలు కట్టిపెట్టోయ్’ చూడండి: వొట్టి 3, మాటలు 4, కట్టి 3, పెట్టోయ్ 4.

మొదట వచ్చిన స్క్రిప్టు ఈ పాదం దగ్గరే తడబడింది. మన అక్షరం వేరు, కంప్యూటర్ అక్షరం వేరు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో ‘ట్టి’ అంటే ట, పొల్లు గుర్తు, మళ్లీ ట, గుడి: నాలుగు కోడ్‌లు. మనకు శ్రీకాకుళం నాలుగక్షరాలు, పైథాన్ లెక్కలో పది. ఈ సంగతి విడమరచి చెప్పాక అసిస్టెంట్ చక్కగా సరిచేసింది. ‘పెట్టోయ్’ చివరి ‘య్’కి విడిగా ఒక మాత్ర వేస్తుంటే, పొల్లు ముందు అక్షరంలోనే కలుస్తుందని చెప్పాను. అదీ కుదిరింది. కోడ్ పెద్దగా రాని నాలాంటివాడికి ఇది నిజంగా సంతోషం. మనకు తెలిసిన ఛందస్సును తెలుగులోనే చెబితే పని జరుగుతోంది.

చిక్కల్లా మొదటి పాదంతోనే. ‘దేశమును ప్రేమించుమన్నా’కి 15 వస్తోంది. ‘ప్రే’ సంయుక్తాక్షరం కాబట్టి దాని ముందున్న ‘ను’ను గురువు చేసేసింది. పాడితే మాత్రం దేశ, మునుప్రే, మించు, మన్నా అని 14 మాత్రలే వినిపిస్తాయి. “లఘువు కదా?” అంటే అసిస్టెంట్ అవునంది. “గురువేమో?” అంటే దానికీ అవునంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

శ్రీకాకుళం నుంచి ఒక తెలుగు మాస్టారు:
లఘువే బాబూ, సందేహం అక్కర్లేదు. తెలుగులో రెండు విడి పదాలు పక్కపక్కన ఉన్నప్పుడు, రెండో పదం సంయుక్తాక్షరంతో మొదలైనా మొదటి పదం చివరి అక్షరాన్ని ఊది పలకం. ‘దేశప్రేమ’ అన్నారనుకోండి, అది సంస్కృత సమాసం. అక్కడ ‘శ’ గురువు అవుతుంది. ఒకే ‘ప్రే’, రెండు తీర్పులు.

బొబ్బిలి నుంచి ఒక సభ్యురాలు:
అయితే మాస్టారూ, స్పేస్ దాటి చూడొద్దని స్క్రిప్టుకి చెబితే సరిపోదా?

మాస్టారు:
సరిపోదమ్మా. ఫోన్లో చాలామంది ‘దేశ ప్రేమ’ అని విడదీసే కొడతారు. అప్పుడు గురువు కావలసిన ‘శ’ లఘువైపోతుంది. పాత అచ్చు పుస్తకాల్లో విడి పదాలు కూడా కలిసిపోయి ఉంటాయి. స్పేస్ అచ్చుకు సంబంధించింది, సమాసం అర్థానికి సంబంధించింది.

చర్చ మొదలుపెట్టినవారు:
మాస్టారూ, ఈ మాట కోసమే ఎదురుచూశాను. స్పేస్ తర్వాత సంయుక్తాక్షరం వచ్చిన చోటల్లా దాని ముందున్న హ్రస్వాక్షరం లఘువని తీసుకుని, పక్కన ప్రశ్న గుర్తు పెట్టమన్నాను. సమాసమైతే మనమే హైఫన్ పెట్టి ‘దేశ-ప్రేమ’ అని ఇవ్వాలి. అప్పుడు గురువుగా లెక్కిస్తుంది. తీర్పు మన చెవిదే. దాన్ని అసిస్టెంట్‌కి వదలడం నాకు ఇష్టం లేదు.

ఈ చరణం నాలుగు పాదాలనూ పరీక్ష ఫైల్లో పెట్టాను: 14, 14, 14, 12. కోడ్‌లో ఏం మార్చినా ముందు ఇవి సరిపోవాలి. ‘గట్టి మేల్ తలపెట్టవోయ్’ ఇంకా బాగుంది. ‘మేల్ తల’ అని విడదీసినా ‘మేల్తల’ అని కలిపినా నాలుగు మాత్రలే కాబట్టి, రెండు రూపాలూ పెట్టాను. రెండింటికీ ఒకే లెక్క రాకపోతే స్క్రిప్టులో తప్పున్నట్టే.

మిగిలింది రేఫ, అంటే ‘ర’ వత్తు సంగతి. ‘అద్రుచు’ లాంటి మాటల్లో దాన్ని తేలిగ్గా పలికితే, సంయుక్తాక్షరం ముందున్నా ‘అ’ లఘువుగానే ఉంటుంది. స్క్రిప్టుకి దీన్ని సూత్రంగా చెప్పలేం, మాటల జాబితాగానే ఇవ్వాలి. మీకు గుర్తున్న అలాంటి మాటలు, అవి వచ్చిన పద్యపాదాలతో సహా కింద రాయండి. పాదం ఉంటేనే లెక్క సరిచూసుకోగలం.