మధ్యాహ్నం గ్రిడ్ పోగానే సోలార్ ఇన్వర్టర్లన్నీ ట్రిప్. ఇళ్ళ మధ్య అమ్మకం రేటు ఎంత పెట్టాలి?

తోట_లేఅవుట్
12 ఇళ్ళు, లోపలి లైన్లు మావే. 5 ఇళ్ళ మీద 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ సోలార్ ఇన్వర్టర్లు, మూడు ఫేజుల (ఆర్, వై, బి) లైన్లలో ఆర్ మీద రెండు, వై మీద రెండు, బి మీద ఒకటి. మధ్యలో ఫేజ్‌కి ఒక 5 కేవీఏ (మోయగల సామర్థ్యం) బ్యాటరీ ఇన్వర్టర్, 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ప్యాకులు 12. మధ్యాహ్నం గ్రిడ్ పోతే అయిదూ ఒకేసారి ఆగి, నిమిషం తర్వాత వచ్చి, మళ్ళీ ఆగుతున్నాయి. పైగా పగలూ రాత్రీ యూనిట్ 6 రూపాయలే కాబట్టి బ్యాటరీ పెట్టినవాళ్ళు నష్టమంటున్నారు. అమ్మిన లెక్కకీ కొన్న లెక్కకీ పొంతన లేదు.

ఫ్రీక్వెన్సీ_50
బ్యాటరీ నిండితే బ్యాటరీ ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీ పెంచి సోలార్‌ని తగ్గమంటుంది. మీ సోలార్ ఇన్వర్టర్లు మామూలు గ్రిడ్ సెట్టింగ్‌లో ఉన్నట్టున్నాయి. అవి తగ్గవు, పడిపోతాయి. 60 సెకన్లు చూసి మళ్ళీ వస్తాయి, అదే మీకు కనిపించేది. మూడు ఫేజులకీ ఫ్రీక్వెన్సీ ఒకటే, అందుకే బి మీదదీ పడుతోంది.

ఐలాండ్ ప్రొఫైల్‌లో (గ్రిడ్ లేనప్పటి సెట్టింగ్) 50.2 హెర్ట్జ్ దగ్గర తగ్గడం మొదలై 52.7కి సున్నా అయ్యేలా, ట్రిప్ అంతకు పైన ఉండేలా పెట్టండి. బ్యాటరీ ఇన్వర్టర్‌లోనూ సోలార్ ఇన్వర్టర్లలోనూ ఇవే అంకెలు ఉండాలి. గ్రిడ్ ఉన్నప్పుడు మాత్రం డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నిబంధన ప్రకారమే.

అసలు లోపం ఇంకొకటి. ఆర్, వై మీద 5 కేవీఏకి 10 కిలోవాట్ల సోలార్ ఉంది. లోడ్ ఒక్కసారి ఆగితే, ఫ్రీక్వెన్సీ పెరిగేలోపే ఆ మిగులంతా బ్యాటరీ ఇన్వర్టర్ మీదే పడుతుంది. సోలార్ కిలోవాట్లు దాని కేవీఏని మించకూడదు. ఆ రెండు ఫేజుల్లో ఇంకో 5 కేవీఏ కలపండి, లేదా ఆ ఫేజుల్లో ఒక్కో ఇంటి ప్యానెళ్ళు ఎంపీపీటీ చార్జర్‌తో (ప్యానెళ్ళ నుంచి నేరుగా బ్యాటరీని నింపేది) డీసీ వైపు తిప్పండి. చార్జింగ్ 55.2 వోల్టులు (సెల్‌కి 3.45) దాటనివ్వొద్దు. ఒక్క సెల్ ముందే నిండినా బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కోసేస్తుంది, అప్పుడు లేఅవుట్ అంతా చీకటే.

యూనిట్_లెక్క
ఒకటే రేటు కుదరదు. ప్యాకులు 9 లక్షల రూపాయలనుకుందాం. 12 ప్యాకులకీ కలిపి 61.44 యూనిట్లు, 80 శాతం వాడకం, 4000 సైకిళ్ళు (నింపి ఖాళీ చేయడాలు): మొత్తం 1.97 లక్షల యూనిట్లు. అరుగుదలే యూనిట్‌కి దాదాపు 4.60. పగలు 3 రూపాయలకి కొన్నది, 12 శాతం నష్టం పోను, 3.40 పడుతుంది. రెండూ కలిపితే 8, కాబట్టి రాత్రి 8 రూపాయలకి తక్కువ అమ్మితే చేతి డబ్బు పోతుంది. పగటి రేటు 3, 4 రూపాయల మధ్య ఉంచండి. 15 నిమిషాల బ్లాకులుగా, రోజుకి 96, లెక్క కట్టండి.

నిజానికి అమ్మకం కన్నా మోటార్లు పగటికి మార్చడంలోనే లాభమెక్కువ. 5 హెచ్‌పీ మోటార్‌ని నేరుగా స్టార్ట్ చేస్తే ఫేజ్‌కి 45 ఆంపియర్ల దాకా లాగుతుంది, మీ 5 కేవీఏకి అది కుదరదు. వీఎఫ్‌డీ (మోటార్‌ని మెల్లగా వేగం పెంచే పరికరం) పెట్టి టైమర్ ఉదయం 11 గంటలకి కట్టండి.

మీటర్_మాష్టారు
అమ్మిన, కొన్న లెక్కలకి పొంతన లేకపోవడానికి ముందుగా మీటర్ల గడియారాలు చూడండి. రెండు మీటర్లకి అయిదు నిమిషాల తేడా ఉంటే 15 నిమిషాల బ్లాకులో మూడో వంతు పక్క బ్లాకుకి పోతుంది. తర్వాత సీటీ (మీటర్‌కి కరెంటు కొలిచి ఇచ్చే కాయిల్) దిశ: రాత్రి 2 కిలోవాట్ల గీజర్ అరగంట వేస్తే 1 యూనిట్ కొన్నట్టు చూపాలి, అమ్మినట్టు చూపితే సీటీ తిరగబడింది. మీటర్ల రీడింగులు తెచ్చే ఆర్ఎస్485 తీగకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. ఒకే ఐడీ రెండు మీటర్లకి ఉంటే రీడింగులు పోతాయి. అన్నీ సరిచేశాక మిగిలే కొద్ది తేడా కేబుల్ నష్టం. దాన్ని కొన్నవాళ్ళ మీద యూనిట్ల చొప్పున పంచండి.

ఇంకో మాట: 2003 విద్యుత్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా కరెంటు పంపిణీ, వ్యాపారం చేయకూడదు. నోటిఫై చేసిన గ్రామీణ ప్రాంతానికి 14వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. మీది ఏ కోవలోకొస్తుందో డిస్కంని రాతపూర్వకంగా అడిగాకే రేటు పట్టిక గోడకి అంటించండి.