వియత్నాం వీధి వంటకాలు, అక్కడి పానీయాలు: మన అలవాట్లకు ఏవి సరిపడతాయి?

సుబేదారి ఉపాధ్యాయుడు:

అందరికీ నమస్కారం. వచ్చే డిసెంబరులో నేను, నా భార్య, డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి కలిసి తొమ్మిది రోజులు వియత్నాం వెళ్తున్నాము. హనోయిలో మూడు రోజులు, దనాంగ్, హోయి ఆన్‌లలో మూడు రోజులు, హో చి మిన్ సిటీలో మూడు రోజులు గడపాలని అనుకున్నాము. టికెట్లు, హోటళ్లు కుదిర్చిన హన్మకొండ ఏజెంటు మూడు పూటలా భారతీయ హోటళ్లలోనే భోజనం ఏర్పాటు చేస్తానన్నాడు. అంత దూరం వెళ్లి రోజూ పప్పు, పనీరు, రొట్టె తిని రావడానికి మనసొప్పలేదు. ఉదయం టిఫిను బస చేసిన చోట తిని, మిగిలిన రెండు పూటలూ ఆ ఊరివాళ్లు తినే చోటే తినాలని నిర్ణయించుకున్నాము.

అయితే మా ఇంట్లో పెద్దకూర గాని, పందిమాంసం గాని తినే అలవాటు లేదు. నేను, అబ్బాయి కోడి, చేప, రొయ్య తింటాము. నా భార్య గుడ్డు వరకు తింటుంది కాని ఆమెకు చేప వాసన కూడా పడదు. భాష రాని చోట గిన్నెలో ఉన్నది ఏ మాంసమో తెలుసుకోవడం ఎలా? బండి మీద ఇచ్చే ఐసును, పచ్చి ఆకులను నమ్మవచ్చా? అక్కడి కాఫీ, బీరు, బియ్యంతో కాచే సారా వంటి వాటిలో ఏది తప్పక రుచి చూడాలి, ఏది ముట్టకూడదు? వెళ్లి వచ్చినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

కాజీపేట నివాసి:

ఉపాధ్యాయుల వారికి నమస్కారం. మీ మొదటి ప్రశ్నకు జవాబు నాలుగు మాటల్లో ఉంది. ‘బో’ అంటే గొడ్డుమాంసం, ‘గా’ అంటే కోడి. పందిని హనోయి వైపు ‘లొన్’ అని, దక్షిణాన ‘హెయో’ అని అంటారు. ‘ఖోంగ్’ అంటే వద్దు లేదా లేదు. దుకాణం బోర్డు మీద వంటకం పేరు పక్కనే మాంసం పేరు ఉంటుంది కాబట్టి, ఈ మాటల అక్షరాలు గుర్తుపడితే సగం పని అయినట్టే.

‘ఫో’ అనే బియ్యపు సేమ్యా పులుసునే తీసుకోండి. ‘ఫో బో’ గొడ్డుమాంసంతో, ‘ఫో గా’ కోడితో చేస్తారు. రెండూ అమ్మే చోట ఒకే గరిటె రెండు గిన్నెల్లోనూ తిరుగుతుంది కనుక, కోడి మాత్రమే అమ్మే దుకాణం వెతుక్కోండి. అటువంటి చోట ఉడికించిన కోళ్లను అద్దాల పెట్టెలో పేర్చి ఉంచుతారు, దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఎముకలను గంటల తరబడి సన్నని మంట మీద మరిగించి, నిప్పు మీద కాల్చిన అల్లం, ఉల్లిగడ్డ వేసి, చెక్క, లవంగం, అనాసపువ్వు వంటి దినుసులతో ఆ పులుసు చేస్తారు. దినుసులన్నీ మన వంటింట్లోవే అయినా, అందులో నూనె తేలదు, కారం ఉండదు, గిన్నె అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. పక్కన పెట్టే నిమ్మబద్ద, ఎర్ర మిరప ముక్కలు మీ ఇష్టం కొద్దీ కలుపుకోవచ్చు. అక్కడ అది ముఖ్యంగా ఉదయం పూట తినే తిండి. హోటల్లో టిఫిను తినాలన్న మీ ఆలోచనను కనీసం హనోయిలో ఒక్క రోజైనా పక్కన పెట్టి, ఏడు గంటలకల్లా వీధిలోకి వెళ్లమని నా మనవి.

హనోయిలో నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ‘బాన్ కువోన్’. మేము దిగిన సందు చివర ఒకావిడ తెల్లవారకముందే పొయ్యి వెలిగించేది. మరుగుతున్న కుండ మూతికి పలుచని గుడ్డ బిగించి కట్టి, దాని మీద బియ్యప్పిండి జావను గరిటె వెనుక వైపుతో దోశలా తిప్పి మూత పెట్టేది. అర నిమిషంలో వెదురు పుల్లతో ఆ పొరను చిరగకుండా లేపి, పళ్లెంలో పరచి, చుట్టి, వేయించిన ఉల్లిపాయలు చల్లి ఇచ్చేది. పెసరట్టు, దోశ తినే మనకు ఆ చేతి తిప్పుడు చూస్తుంటేనే సొంత వంటలా అనిపిస్తుంది. అయితే మామూలుగా లోపల పందిమాంసం, నల్ల పుట్టగొడుగుల కూరు పెడతారు. లోపల ఏమీ పెట్టనిదీ, గుడ్డు కొట్టి పోసేదీ కూడా దొరుకుతాయి. నంజుకునే పులుసులో చేప సారం ఉంటుంది కనుక మీ ఇంటివారు దానిని పక్కన పెట్టాలి.

‘బాన్ మీ’ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. ఫ్రెంచి పాలనలో వచ్చిన పొడవాటి రొట్టెను చీల్చి, ఊరవేసిన క్యారెట్, ముల్లంగి, కొత్తిమీర, మిరప కూరి ఇస్తారు. గుడ్డుది అడిగినా చాలామంది ముందుగా రొట్టెకు ‘పాతే’ రాస్తారు. అది సాధారణంగా పంది కాలేయంతో చేసిన ముద్ద. వాళ్లు కత్తి తీయకముందే ‘ఖోంగ్ పాతే’ అనాలి. హనోయికి పేరు తెచ్చిన ‘బున్ చా’ పూర్తిగా పందిమాంసపు వంట. 2016 మే నెలలో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా, తిండి యాత్రల టీవీ కార్యక్రమాలు చేసిన వంటవాడు ఆంథొనీ బోర్డెన్‌తో కలిసి చిన్న బల్ల దగ్గర కూర్చుని తిన్నది అదే. హోయి ఆన్‌లో గొప్పగా చెప్పే ‘కావ్ లావ్’ కూడా పందితోనే చేస్తారు. వాటి బదులు హోయి ఆన్‌లో పసుపు రంగు అన్నం మీద కోడి పీచు వేసి ఇచ్చే ‘కోమ్ గా’, దనాంగ్‌లో కోడి వేసిన సేమ్యా వంటకం ‘మీ క్వాంగ్ గా’ తినండి. మీ క్వాంగ్ మీద పల్లీలు, నువ్వుల అప్పడం ముక్కలు వేస్తారు. సర్వపిండి తిని పెరిగిన నోటికి పల్లీ, నువ్వుల రుచి పరాయిదనిపించదు. పులుసులో పంది ఎముకలు, వేపుళ్లలో పంది కొవ్వు వాడే చోట్లు ఉన్నాయి. అంతవరకు పట్టింపు ఉంటే తప్పక అడిగి తెలుసుకోండి.

శుభ్రత విషయానికి వస్తే, నడుమ రంధ్రం ఉండే గొట్టపు ఐసు కర్మాగారంలో తయారయ్యేది. మేము దానిని రోజూ తీసుకున్నాము, ఇబ్బంది కలగలేదు. పెద్ద దిమ్మ నుంచి కొట్టిన ఐసు మాత్రం వద్దన్నాము. కుళాయి నీళ్లు తాగకూడదు. పచ్చి ఆకులు ఆ నీళ్లతోనే కడుగుతారు కనుక, మొదటి రెండు రోజులు వాటిని వేడి పులుసులో ముంచి తినడం మంచిది. నాకు జబ్బు చేసింది ఒక్కసారే. రాత్రి పదకొండు దాటాక ఒక బండి దగ్గర చల్లారిపోయిన నత్తలు తిన్నాను. మరునాడంతా పడక మీద ఉండి, హోయి ఆన్ చూడవలసిన ఒక రోజును పోగొట్టుకున్నాను. కళ్లముందు వండి, పొగలు కక్కుతుండగా ఇచ్చింది ఏదీ నాకు హాని చేయలేదు.

నర్సంపేట ఆడపడుచు:

అన్నగారూ, వదినగారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను గుడ్డు కూడా తినను, అయినా ఆ దేశంలో పది రోజులు ఆకలితో ఉండలేదు. శాకాహారాన్ని వాళ్లు ‘చాయ్’ అంటారు. మనం ‘చాయ్’ అంటే టీ అని అర్థం చేసుకుంటాము కనుక మొదట్లో నవ్వొస్తుంది కాని, ఈ మాటే నన్ను కాపాడింది. బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం మానేస్తారు. మన ఏకాదశి ఉపవాసం వంటిదే అనుకోండి. అందువల్ల ‘చాయ్’ అని బోర్డు కట్టిన భోజనశాలలు ప్రతి నగరంలోనూ ఉన్నాయి, ఆ రెండు రోజులూ అవి కిటకిటలాడతాయి. పనసకాయ, పుట్టగొడుగులు, టోఫు వంటివి ఎన్నో తీర్ల వండుతారు. బయలుదేరే ముందు క్యాలెండరులో పౌర్ణమి, అమావాస్య చూసుకోండి.

అసలు చిక్కు మాంసంతో కాదు, ‘నుక్ మామ్’ అనే చేప సారంతో వస్తుంది. చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరవేసి తీసే ద్రవం అది. మనం ఉప్పు వేసినంత సహజంగా వాళ్లు దానిని వేస్తారు. మాంసం వద్దన్న వారికి కూడా అది వేసి ఇస్తారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. కాబట్టి ‘మాంసం వద్దు’ అని ఊరుకోకుండా ‘నుక్ మామ్ వద్దు, సోయా సాస్ వేయండి’ అని విడిగా చెప్పాలి. పైగా వాళ్ల భాషలో స్వరం మారితే అర్థమే మారుతుంది. నేను ఎన్నిసార్లు పలికినా ఒక ముసలమ్మకు అర్థం కాలేదు. అప్పటి నుంచి హోటల్ కౌంటరు దగ్గర అమ్మాయితో ఆ వాక్యం కాగితం మీద రాయించుకుని, అదే చూపించాను. ఆ కాగితం చదివిన వాళ్లలో ఒక్కరు కూడా విసుక్కోలేదు. హో చి మిన్ సిటీలో ఒకావిడ తన పెనాన్ని కడిగి తుడిచి, నాకు రొయ్యలు, మాంసం లేకుండా ‘బాన్ సెయో’ పోసి ఇచ్చింది. బియ్యప్పిండిలో పసుపు, కొబ్బరిపాలు కలిపి, మొలకలు పెట్టి మడిచే కరకరలాడే అట్టు అది. పెనం మీద పిండి పోసినప్పుడు వచ్చే చప్పుడును బట్టే దానికి ఆ పేరట.

తాటివనం:

పానీయాల సంగతి నేను చెబుతాను. మాది పరకాల దగ్గర పల్లె. మా తాత గీత కార్మికుడు, పొద్దున లొట్టి దింపిన కల్లుకూ, సాయంత్రపు కల్లుకూ తేడా చిన్ననాడే నాలుకకు తెలిసింది. అందుకేనేమో, హనోయిలో ‘బియా హొయ్’ నాకు వెంటనే నచ్చింది. అది నిలవ ఉంచే మందులు కలపకుండా కాచే, ఏ రోజుది ఆ రోజే తాగవలసిన పీపా బీరు. పీపా అయిపోతే దుకాణం కట్టేస్తారు. సీసా బీరు కంటే తేలిక, చేదు తక్కువ. పాత నగరంలో తా హియెన్, లువోంగ్ న్గోక్ క్వియెన్ వీధులు కలిసే మూల దగ్గర సాయంత్రం చిన్న ప్లాస్టిక్ పీటల మీద కూర్చుంటారు. పాత గాజు కరిగించి చేసిన ఆకుపచ్చటి గ్లాసులో పోస్తారు, గ్లాసు గోడలోనే గాలి బుడగలు కనిపిస్తాయి. అయితే తాగి బండి నడపడం మీద 2020 జనవరి నుంచి అక్కడ కఠినమైన చట్టం ఉంది, ఒక్క గ్లాసుకు కూడా మినహాయింపు లేదు. అబ్బాయి స్కూటరు అద్దెకు తీసుకుంటానంటే ఆ రోజు బీరు మాట ఎత్తవద్దు.

బియ్యపు సారాను ‘రువ్’ అంటారు. నా మాట విని, పేరు లేని సీసాలో ఇచ్చిన దానిని ముట్టవద్దు. గుడుంబా మన పల్లెలకు ఏం చేసిందో మనం చూశాము. సరిగా కాచని సారాలోనో, కల్తీ చేసిన మందులోనో మిథనాల్ అనే విషపు ఆల్కహాలు ఉంటే రంగు, రుచి, వాసన ఏవీ దానిని పట్టివ్వవు. చూపు పోవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. 2024 నవంబరులో పక్క దేశమైన లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో కల్తీ మద్యం వల్ల ఆరుగురు విదేశీ యాత్రికులు మరణించారు. ఎంత ఆప్యాయంగా ఇచ్చినా చేతులు జోడించి వద్దనవచ్చు, వాళ్లు నొచ్చుకోరు.

కాఫీ మాత్రం తనివితీరా తాగండి. వియత్నాం బ్రెజిల్ తరువాత ప్రపంచంలోనే ఎక్కువ కాఫీ పండించే దేశం, అక్కడ ఎక్కువగా పండేది రొబస్టా అనే రకం. ‘ఫిన్’ అనే చిన్న రేకు జల్లెడను గ్లాసు మీద పెట్టి వేడినీళ్లు పోస్తే, అడుగున ఉన్న చిక్కటి తీపి పాల మీద డికాక్షన్ ఒక్కొక్క చుక్కా పడుతుంది. తొందరపడి కదపకూడదు, ఐదు నిమిషాలు ఆగాలి. వదినగారు గుడ్డు తింటారు కనుక హనోయిలో ‘కాఫే చుంగ్’ తప్పక ఇప్పించండి. 1946లో పాలు కరువైనప్పుడు మెట్రోపోల్ హోటల్లో పనిచేసే న్యుయెన్ వాన్ జాంగ్ గుడ్డు పచ్చసొనను గిలకొట్టి పాల బదులు వాడారు. కప్పు చల్లారకుండా వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి ఇస్తారు.

ఇక నా మనసుకు దగ్గరైన మాట. దక్షిణాన కంబోడియా సరిహద్దులోని ఆన్ జాంగ్ ప్రాంతంలో మన తాటిచెట్లే ఉన్నాయి. వాళ్లు ‘తొత్ నొత్’ అంటారు. కల్లుగీసేవాళ్లు మనలా మోకుతో ఎక్కరు, కణుపుల కొమ్మలు మెట్లలా వదిలిన పొడవాటి వెదురును చెట్టుకు కట్టి దాని మీదుగా ఎక్కుతారు. పులియని తాటి నీరు, ముంజలు, తాటి బెల్లం అమ్ముతారు. ఆ చెట్టు కింద నిలబడి గ్లాసెడు నీరు తాగినప్పుడు మా తాత గొంతు వినిపించినట్టయింది. మీ ప్రయాణంలో అంత దూరం కుదరకపోయినా, హో చి మిన్ సిటీ వీధుల్లో కూడా ఆ నీరు అమ్ముతారు, కనిపిస్తే వదలవద్దు.

సుబేదారి ఉపాధ్యాయుడు:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఏజెంటుకు ఫోను చేసి భోజనాల ఏర్పాటు రద్దు చేయించాను. ఒక్క సందేహం మిగిలింది. నాకు షుగరు ఉంది. ఆ తీపి పాలు లేకుండా కాఫీ ఇస్తారా? చెరుకు రసం ఎలాగూ మానుకుంటాను.

కాజీపేట నివాసి:

ఇస్తారు. ‘కాఫే దెన్’ అంటే పాలు లేని నల్ల కాఫీ. దానిలో కూడా ముందే చక్కెర కలిపే చోట్లు ఉన్నాయి కనుక ‘ఖోంగ్ దువోంగ్’, అంటే చక్కెర వద్దని చెప్పాలి. చెరుకు రసం అబ్బాయికి ఇప్పించండి, వాళ్లు గడలతోపాటు చిన్న పుల్లటి నారింజకాయలను కూడా మరలో పెట్టి పిండుతారు. మీకు ‘చా దా’ సరిపోతుంది, చక్కెర లేని పలుచటి చల్లని టీ అది. కాలిబాట మీద గ్లాసుకు ఐదు వేల డాంగ్ ఇచ్చాను, మన లెక్కలో ఇరవై రూపాయలు కూడా కాదు. డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం నోటును వెలుతురులో చూసి ఇవ్వండి. ఇరవై వేల నోటు, ఐదు లక్షల నోటు రెండూ నీలం రంగులోనే ఉంటాయి. మేము బయలుదేరే ముందే వాటిని పర్సులో వేరువేరు అరల్లో పెట్టుకున్నాము.