ఈ వారం సమస్య (ఇది చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి): "తల్లి వడ్డింప సుతునకు దడుపు పుట్టె"

నిర్వాహకుడు: 1989లో వచ్చి, పెద్దగా ఎవరూ పట్టించుకోని "పేరెంట్స్" చూశాక తట్టిన పాదమిది. దర్శకుడు బాబ్ బాలబన్. 1950ల అమెరికా శివారు కాలనీ, తీర్చిదిద్దిన ఇల్లు, పూటపూటకీ మాంసం. అదెక్కడిదోనని పిల్లాడికి అనుమానం. సినిమా చూడనివారు వేరే దారిలో పూరించవచ్చు.

చిక్కడపల్లి చిన్నోడు:
ఇంటి ముంగిట పచ్చిక, యింపు కారు,
తండ్రి శాలలో శవముల తరుగుచుండ,
ఏమి మాంసమో చెప్పక యెదుట బెట్టి
తల్లి వడ్డింప సుతునకు దడుపు పుట్టె

మలక్‌పేట వాణి: "తరుగు" దగ్గర ఆగిపోయాను. వంకాయను తరిగినట్టు శవాన్ని తరగడం! తండ్రి వేషం వేసిన రాండీ క్వెయిడ్ పనిచేసేది ఆకులు రాల్చే మందు తయారుచేసే కంపెనీలో. శవాన్ని కోయడం పిల్లాడు చూసేదీ అక్కడే. "శాల" అన్న ఒక్క మాటలో అదంతా ఇమిడింది. "ఇంపు కారు" మాత్రం యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కుదరడం) కోసం వచ్చిన కారే.

నల్లకుంట బాబాయి:
లెక్కలందు సున్నాలతో చిక్కినట్టి
చీటి దాచిన సంగతి చెవిని బడగ
అన్నమటు పెట్టి తిట్లనే యాగకుండ
తల్లి వడ్డింప సుతునకు దడుపు పుట్టె

చిన్నోడు: బాబాయిగారూ, వడ్డనను తిట్లకు తిప్పడం భలే పట్టు. మొదటి పాదంలో ప్రాసయతి (యతికి బదులు "లెక్క", "చిక్కి"లా రెండో అక్షరాలు కలవడం) హాయిగా కుదిరింది. కానీ తిట్లకు పిల్లాడు ఏడుస్తాడు, దడుసుకోడు.

వాణి:
నిన్న మిగిలిన కూరయే నేడు కూడ,
మొన్న దేమని యడుగగా మోమును త్రిప్పి,
మిగులు కాకముం దెవరంచు మిడుకుచుండ
తల్లి వడ్డింప సుతునకు దడుపు పుట్టె

బాబాయి: "ఏమి" కాస్తా "ఎవరు"గా మారిన ఆ మూడో పాదానికే నా ఓటు. సినిమా గుట్టంతా ఆ మిగులు కూరలోనే ఉంది. అయితే "మోమును" భగణం (గురువు, రెండు లఘువులు), అక్కడ సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) పడాలి. "ను" తీసేసి "మోము త్రిప్పి" అనండి.

చిన్నోడు: సంయుక్తాక్షరం "త్రి" ముందు "ము" గురువు కాదా?

నిర్వాహకుడు: కాదు. రెండూ విడివిడి తెలుగు మాటలు, సమాసం లేదు. "ము" లఘువే, హగణం (గురువు, లఘువు) నిలుస్తుంది.

వాణి: "ను" తీసేశాను. గణాలు ఇంత గట్టిగా చూసే బాబాయిగారు పోయిన వారం కందంలో "చేరు"కు "ఏఱు"తో ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావడం) కట్టారు. దానికి జవాబు ఇంకా రాలేదు.

బాబాయి: రేఫ శకటరేఫల (ర, ఱల) ప్రాసను ఇవాళ చాలామంది ఒప్పుకుంటున్నారమ్మా.

వాణి: ఆ రెంటినీ కలపని పాత పద్ధతిలోనే రాశానని మీరే అన్నారు కదండీ. "ఏఱు" బదులు "నీరు" వేస్తే అర్థమూ చెడదు.

బాబాయి: అది రెండో పాదం. "ఏ"కు కట్టిన యతి "నీ"తో పోతుంది. యతి అక్కర్లేని మూడో పాదమైతే అప్పుడే మార్చేవాణ్ణి.