మా నాన్న వేసిన సున్నా లెక్కలోకి వస్తుందా, రాదా?

లంకపిల్లోడు:
మొన్న ఆదివారం మా లంకకి ఇద్దరు కుర్రాళ్లు సర్వేకి వచ్చారు. "ఈ ఏరు, ఒడ్డున చెట్లు ఇలాగే ఉండాలంటే మీ ఇంటి నుంచి నెలకి ఎంత ఇవ్వగలరు?" అని ప్రశ్న. నాన్న అరటి గెల కోస్తున్నాడు, కత్తి కింద పెట్టకుండానే "సున్నా రాసుకోండి బాబూ" అన్నాడు. వాళ్లు రాసుకుని పడవెక్కారు. ఆ కాగితం ప్రకారం మా నాన్నకి గోదారి మీద విలువ లేనట్టేగా? ఊహ తెలిసినప్పటి నుంచీ ఏట్లో మొహం కడుక్కోకుండా టీ తాగని మనిషి. అసలు ఇలాంటివి కొలవకూడదని నా అభిప్రాయం. తిట్టేవాళ్లు తిట్టండి.

ఫైలుబాబు:
తిట్టను గానీ ఒప్పుకోను. కొలవకపోతే ఫైల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది, ఖాళీ గడి అంటే సున్నాయే. అడవి భూమిని వేరే పనికి ఇవ్వాలంటే హెక్టారుకి ఇంత కట్టాలని లెక్కుంది, 2008లో సుప్రీంకోర్టు ఒప్పుకున్న రేట్లయితే అడవి రకాన్ని బట్టి 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా. తక్కువే, కాదనను. ఆ అంకె కూడా లేకపోతే ఉత్తినే పోయేది. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికాక అమెరికా జనాన్ని ఇలాగే అడిగారు, ఇలాంటిది మళ్లీ జరక్కుండా ఎంత ఇస్తారని. అలాస్కా మొహం చూడనివాళ్లూ ఇస్తామన్నారు, మొత్తం 280 కోట్ల డాలర్లు తేలింది. చూడని చోటు మీద కూడా జనానికి మమకారం ఉంటుందని లెక్క వేస్తేనే కదా బయటపడింది!
మీ నాన్నగారిది నిరసన సున్నా అంటారు, ప్రశ్నే నచ్చక వేసేది. సరిగ్గా చేసే సర్వేలో "ఎందుకు సున్నా?" అని ఇంకో ప్రశ్న వేసి అలాంటివి వేరు చేస్తారు.

లంకపిల్లోడు:
వేరు చేసి?

ఫైలుబాబు:
చాలాసార్లు లెక్కలోంచి తీసేస్తారు.

లంకపిల్లోడు:
ఆయ్, బాగుందండీ. అడిగినందుకు కోపమొచ్చినోడి మాట చెత్తబుట్టలోకి.

కొబ్బరాకు:
మీరిద్దరూ డబ్బు చుట్టూనే తిరుగుతున్నారు. జీవవైవిధ్యం మీద దేశాలు కలిసి పెట్టుకున్న ఐపీబీఈఎస్ అనే సంస్థ 2022లో ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. కొలిచే పద్ధతులు 50కి పైనే ఉన్నాయట. చెట్టు నాకేం ఇస్తుందన్నది ఒక విలువ, నేను లేకపోయినా చెట్టుకి ఉండేది ఇంకోటి, నాకూ దానికీ మధ్య ఉన్నది మూడోది. మా ఇంటి సంగతే చెప్తాను. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా కొబ్బరి తోటలో పదకొండు చెట్లే మిగిలాయి. తెల్లారాక నాన్న పడినవి లెక్కపెడుతుంటే, అమ్మ నిలబడినవాటిని ఒక్కోదాన్ని చేత్తో తడుముకుంటూ తిరిగింది. నాన్న లెక్క కాగితం ఎక్కింది. అమ్మది ఎక్కడ రాస్తారు?
రూపాయి ఊసు లేకుండా అడిగే పద్ధతి కూడా ఒకటుంది. రెండు వలయాలు, ఒకటి మీరు, ఒకటి ప్రకృతి. పక్కపక్కన విడివిడిగా ఉన్న బొమ్మ దగ్గర్నుంచి దాదాపు కలిసిపోయిన బొమ్మ దాకా ఏడుంటాయి, మీది ఏదో చూపించాలి.

మండపీత:
నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మాది కోరంగి దగ్గర. నాన్న మడ అడవిలోకి పీతలకి వెళ్తాడు. మోకాలి లోతు బురద, అందులోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చే మడ వేళ్లు, దోమలు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ ఆ అడవిని తిట్టని రోజు లేదు, పొద్దున్నే మళ్లీ వెళ్లని రోజూ లేదు. మీ ఏడు బొమ్మల్లో తిట్టుకునేవాడిది ఏది? అక్కడి చెక్కవంతెన మీద సెల్ఫీ దిగేవాళ్లని అడగండి, పూర్తిగా కలిసిపోయిన బొమ్మే చూపిస్తారు. సాయంత్రానికి కాకినాడలో బిర్యానీ తింటుంటారు.

ఫైలుబాబు:
అంటే అడిగిన మనిషి తప్పు, కొలత తప్పు కాదు.

కొబ్బరాకు:
అలా తప్పించుకోకండి. ఆ నివేదికలోనే ఉంది, వెయ్యికి పైగా అధ్యయనాలు చూస్తే తేలిన ఫలితాల గురించి సంబంధించిన జనాన్ని సంప్రదించినవి 2 శాతమేనట. లంకపిల్లోడి నాన్నగారి సున్నా ఏమైందో ఆయనకి చెప్పడానికి ఎవరైనా వస్తారా?

లంకపిల్లోడు:
సరే, నిన్న రాత్రి ఆ బొమ్మలు గీసి నాన్న ముందు పెట్టాను. చాలాసేపు చూసి "ఏ నెల్లోరా?" అన్నాడు. శ్రావణంలో అయితే ఆఖరిదట, వాకిట్లోకే వస్తుంది కదా. ఎండాకాలంలో రెండోది, ఇసకలో అంత దూరం నడిస్తే గానీ కాలికి నీళ్లు తగలవు. తర్వాత లేచి వెళ్లి పాస్‌బుక్ తెచ్చాడు. మా ఎకరం పావు కోతకి గోదాట్లో కలిసిపోయింది, పుస్తకంలో మాత్రం ఇంకా మాదే. "దీనికి ఏ బొమ్మ పెడతారో వాళ్లనే అడుగు" అన్నాడు.

ఫైలుబాబు:
నెలని బట్టి మారుతుందంటే వరదకి ముందోసారి, వరదల్లో ఒకసారి అడగాలి. అది చెయ్యొచ్చు. పాస్‌బుక్ సంగతి నాకూ తట్టట్లేదు.

మండపీత:
వరదల్లో లంకలోకి సర్వేకి ఎవరొస్తారండీ, పడవలే కట్టేస్తారు.