రెండు పెద్ద పార్టీల మీదా నమ్మకం పోయినప్పుడు మూడో అభ్యర్థికి వేసే ఓటు మురిగిపోయినట్టేనా?

ప్రశ్న: పడమటి కర్నూలు ఉపాధ్యాయిని

నేను ఆదోని డివిజన్‌లోని ఒక పల్లెలో పుట్టి పెరిగాను. ప్రస్తుతం కర్నూలులో ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాను, ఓటు మాత్రం ఇప్పటికీ మా ఊళ్లోనే ఉంచుకొన్నాను. 2014లో ఒక పెద్ద పార్టీకి, 2019లో రెండో పార్టీకి, 2024లో మళ్లీ మొదటిదానికి ఓటు వేశాను. మూడుసార్లూ రాష్ట్రంలో గెలిచిన వైపే నా ఓటు ఉంది. అయినా ఆ ఓటు మా ఊరికి పనికి వచ్చిందన్న తృప్తి నాకు ఒక్కసారి కూడా కలగలేదు.

మా వైపు దీపావళి దాటిందంటే చాలు, పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, వెళ్లిపోతాయి. వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. తల్లిదండ్రులతో పాటు బడి మానేసి వెళ్లిన పిల్లలు వేసవికి తిరిగివచ్చేసరికి నేర్చుకొన్న అక్షరాలు కూడా మరిచిపోయి ఉంటారు. వేదవతి, గుండ్రేవుల సాగునీటి పథకాల పేర్లు ప్రతి ఎన్నికల సభలోనూ వింటూనే ఉన్నాము. కానీ సుగ్గికి వెళ్లే బండ్లు ఏ ప్రభుత్వం వచ్చినా ఆగలేదు.

మా మండలంలో ఒక యువకుడు కొన్నేళ్లుగా ఈ పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు (పెద్దలు సుగ్గికి వెళ్లినా పిల్లలు ఇక్కడే ఉండి చదువుకొనే వసతి గృహాలు) సకాలంలో తెరిపించాలని కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నాడు. వచ్చే శాసనసభ ఎన్నికల్లో ఒక చిన్న పార్టీ తరఫున నిలబడాలని ఆలోచిస్తున్నాడు. అతనికి ఓటు వేయాలని నాకు గట్టిగా ఉంది. మా నాన్న మాత్రం, “గెలవనివానికి వేసి ఓటు మురగబెట్టుకుంటావా? నీకు అసలే నచ్చనివాడు ఆ సందులో గెలుస్తాడు” అంటున్నారు.

ఆయన భయానికి ఇంకొక కారణం కూడా ఉంది. గత ఎన్నికల్లో మా బూత్‌లో ఒక చిన్న పార్టీకి ఏడు ఓట్లే వచ్చాయి. ఆ ఏడుగురూ ఎవరై ఉంటారోనని ఊళ్లో వారం రోజులు లెక్కలు వేశారు. అనుమానం వచ్చిన ఒక ఇంటివాళ్లతో కొందరు మాట్లాడటమే మానేశారు. ఇటువంటి స్థితిలో నేను ఏమి చేయడం సబబు? నోటా నొక్కడం మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: అనంతపురం విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, మీ ప్రశ్న మన సీమకు కొత్తది కాదు. గాలికి ఎదురుగా ఓటు వేయడం ఈ ప్రాంతానికి బాగా తెలిసిన విషయం. 1952లో అనంతపురం శాసనసభ స్థానంలో కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి గెలిచారు. ఆయన చేతిలో ఓడినవారు అప్పటి కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డి. కడప లోక్‌సభ స్థానాన్ని సీపీఐ నాయకుడు ఎద్దుల ఈశ్వరరెడ్డి 1952లోను, తిరిగి 1962, 1967, 1971లలోను గెలుచుకొన్నారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు దక్కగా, జనతా పార్టీకి దక్కిన ఆ ఒక్క స్థానం నంద్యాల. అక్కడ గెలిచిన సంజీవరెడ్డి అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. ఆ రోజు నంద్యాలలో కూడా, రాష్ట్రమంతా ఒక వైపు ఉంటే మన ఓటు దేనికి అని అనుకొన్నవారు ఉండే ఉంటారు.

అయితే మీకు ధైర్యం చెప్పాలన్న తొందరలో నేను సగం నిజమే చెప్పకూడదు. నాగిరెడ్డి, ఈశ్వరరెడ్డి, సంజీవరెడ్డి గార్లు ఎన్నికల నాటికే ఏళ్ల తరబడి ప్రజల్లో పనిచేసి పేరు తెచ్చుకొన్నవారు. మన పద్ధతిలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారు గెలుస్తారు, సగానికి మించి రావలసిన పని లేదు. అందువల్ల ఓటర్లు గెలిచే అవకాశం ఉన్న ఇద్దరి చుట్టూనే చేరిపోవడం సహజం. మీ నాన్నగారి మాటలో ఉన్న సత్యం అదే. ఆ తరువాతి కాలంలో వామపక్షాలు సీమలో గెలిచింది కూడా ఎక్కువగా పొత్తులతోనే. కర్నూలులో సీపీఎం అభ్యర్థి ఎం.ఎ. గఫూర్ 1994లో తెలుగుదేశంతో, 2004లో కాంగ్రెస్‌తో పొత్తు ఉండగా గెలిచారు.

ఇక గెలుపు ఒక్కటే ఓటు చేసే పని కాదు అనడానికి మీ జిల్లాకు సంబంధించిన ఉదాహరణే చెబుతాను. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. కిలో రెండు రూపాయలకు బియ్యం ఇస్తామని ఊరూరా చెప్పింది. ఆ సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయిన మీ జిల్లావారు కోట్ల విజయభాస్కరరెడ్డి గారి కాంగ్రెస్ ప్రభుత్వం ఎన్నికలకు ముందే 1.90 రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. కొత్త పార్టీకి అప్పటికి ఒక్క శాసనసభ ఎన్నిక కూడా ఎదురుకాలేదు. దానివైపు జనం మొగ్గుతున్నారన్న భయమే పాత పార్టీ చేత బియ్యం ధర తగ్గించింది. మీ మండలంలో సుగ్గి పిల్లల పేరు మీద ఒక అభ్యర్థికి మూడు నాలుగు వేల ఓట్లు పడితే, ఆ తరువాత ఎన్నికల్లో పెద్ద పార్టీలు తమ హామీలలో సీజనల్ హాస్టళ్లను చేర్చకుండా ఉండలేవని నా నమ్మకం.

నోటా విషయంలో నా అభిప్రాయం స్పష్టం. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు తీర్పుతో అది వచ్చింది, ఆ హక్కును నేను గౌరవిస్తాను. కానీ అందరికన్నా ఎక్కువ ఓట్లు నోటాకే వచ్చినా, శాసనసభ ఎన్నికల్లో దాని తరువాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలిచినట్టు ప్రకటిస్తారు. మీకు ఏమి కావాలో నోటా చెప్పలేదు. అతనికి వేసిన ఓటు చెబుతుంది.

జవాబు 2: పెన్నా ఒడ్డు రైతు, కడప జిల్లా

అధ్యాపకుల వారు చెప్పిన చరిత్ర పట్ల నాకు గౌరవమే. అయినా టీచర్ గారూ, మూడో పార్టీకి మనసారా ఓటు వేసి దెబ్బ తిన్నవాడి మాట కూడా మీరు వినాలి.

2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీని ప్రకటించిన రోజు నేను ఆ సభలో ఉన్నాను. 2009లో పొలం పనులు తమ్ముడికి అప్పగించి నెల రోజులు ఊరూరా తిరిగాను. 294 స్థానాలకు 18 వచ్చాయి. రాష్ట్రంలో సుమారు ఆరుగురిలో ఒకరు మాకు ఓటు వేశారు. అప్పుడు నాకు నిరాశ కలగలేదు, పార్టీ ఉంది కదా, ఇంకో ఐదేళ్లు పనిచేద్దామనుకొన్నాను. 2011లో ఆ పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఏ పార్టీ వద్దని నేను ఇంటింటికీ వెళ్లి చెప్పానో అదే పార్టీ లెక్కలోకి నా ఓటు వెళ్లిపోయింది. నేను అడిగితే ఓటు వేసినవాళ్ల ముందు తలెత్తుకోలేకపోయాను. నా ఓటు లెక్కింపు రోజున మురిగిపోలేదు, ఆ రెండేళ్ల తరువాత మురిగిపోయింది.

అందుకని, ఆ యువకుడు గెలుస్తాడా లేదా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న కాదని నాకు అనిపిస్తుంది. ఓడిన మరునాడు అతను ఎక్కడ ఉంటాడు? అతని పార్టీని నడిపేది ఎవరు? చట్టం కూడా ఇక్కడ కొంత తిరకాసుగా ఉంది. ఫిరాయింపుల చట్టం ప్రకారం స్వతంత్రుడిగా గెలిచినవాడు తరువాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుంది. పార్టీ తరఫున గెలిచినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకొని పార్టీనే ఇంకొకదానిలో కలిపేస్తే మాత్రం ఎవరి సభ్యత్వమూ పోదు.

మీ కోపం నాకు పూర్తిగా అర్థమవుతుంది. మా జిల్లాకు ఉక్కు కర్మాగారం సంగతి పరిశీలించాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. 2018 డిసెంబరులో ఒక ముఖ్యమంత్రి, 2019 డిసెంబరులో ఇంకొక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 ఫిబ్రవరిలో మళ్లీ ఒకసారి చేశారు. పాలించే పార్టీలు మారాయి, రాళ్లు మారాయి, మా పిల్లలు మాత్రం పనికోసం బెంగళూరు బస్సు ఎక్కుతూనే ఉన్నారు.

అయినా మీ నాన్నగారి మాటను తీసిపారేయకండి. 2024లో మడకశిరలో గెలుపు ఓటముల మధ్య తేడా 351 ఓట్లు. మూడో స్థానంలో నిలిచిన అభ్యర్థికి వచ్చిన ఓట్లు ఆ తేడాకు ఎన్నో రెట్లు. అంత గట్టి పోటీ ఉన్న చోట, ఇద్దరిలో ఒకరు వస్తే ఊరికి నిజంగా కీడు జరుగుతుందని మీకు తెలిసి ఉంటే, నేనైతే రెండోవారికే వేస్తాను. ఇద్దరి మధ్య మీకు తేడా కనిపించకపోతే ఆ లెక్కకు అర్థం లేదు.

జవాబు 3: పోలింగ్ విధుల్లో పనిచేసిన ఉపాధ్యాయుడు, నంద్యాల

అక్కా, ఎవరికి ఓటు వేయాలన్నది నేను చెప్పను. మీరు చివర రాసిన ఆ ఏడు ఓట్ల సంగతి మీద మాత్రం మాట్లాడతాను, ఎందుకంటే పల్లెల్లో మూడో అభ్యర్థికి ఓట్లు రాకపోవడానికి నేను చూసినంతవరకు పెద్ద కారణం అదే.

మీరు ఎవరికి వేశారో యంత్రం ఎవరికీ చెప్పదు. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు మీకు మాత్రమే కనిపించి పెట్టెలో పడిపోతుంది. కానీ ఈవీఎంలను బూత్ వారీగా లెక్కిస్తారు, ఆ అంకెలను ఫారం 20లో నమోదు చేసి అందరికీ అందుబాటులో ఉంచుతారు. వెయ్యి, పన్నెండు వందల ఓట్లున్న బూత్‌లో ఏడు అన్న అంకె కనిపిస్తే పల్లెలో ఊహాగానాలు మొదలవుతాయి. కాగితపు బ్యాలెట్ల కాలంలో, బెదిరింపులు ఉంటాయనుకొన్న చోట అనేక బూత్‌ల బ్యాలెట్లను కలిపి లెక్కించే వీలు నిబంధనల్లో ఉండేది. ఈవీఎంల విషయంలో కూడా అదే పని చేసే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా దాన్ని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం అంగీకరించలేదు. పెద్ద పార్టీలకు బూత్ అంకెలు కావాలి. ఎక్కడ పనిచేయాలో, ఎక్కడ అలగాలో వాటితోనే తేల్చుకొంటారు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ముఠా తగాదాల చరిత్ర ఉన్న మన పల్లెల్లో రహస్య ఓటు అన్న మాటకు నిండు అర్థం రావాలంటే ఆ పరికరం రావాలి.

నోటా అంకె కూడా బూత్ వారీగానే కనిపిస్తుంది కాబట్టి, భయం వల్ల నోటా నొక్కితే ఒరిగేదేమీ లేదు.

ఇంకొక రెండు వివరాలు మీకు పనికి వస్తాయి. శాసనసభ అభ్యర్థి 10,000 రూపాయల డిపాజిట్ కట్టాలి, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ రాకపోతే అది గల్లంతవుతుంది. నోటా ఓట్లను ఆ లెక్కలో కలపరు. రెండవది, పార్టీ తరఫున నిలబడినవారికి పడిన ఓటు నియోజకవర్గంతోనే ఆగిపోదు. రాష్ట్రం మొత్తం మీద చెల్లిన ఓట్లలో 6 శాతంతో పాటు రెండు శాసనసభ స్థానాలు వచ్చినా, స్థానాలు రాకుండా 8 శాతం ఓట్లు వచ్చినా, ఆ పార్టీకి రాష్ట్ర పార్టీగా గుర్తింపు వస్తుంది. గుర్తింపు ఉంటే గుర్తు స్థిరంగా ఉంటుంది. ప్రతి ఎన్నికకూ గుర్తు మారితే, ముఖ్యంగా చదువు రాని ఓటర్ల దగ్గర, అభ్యర్థి మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. స్వతంత్రుడికి వేసిన ఓటు ఈ లెక్కకు రాదు.

తిరిగి: పడమటి కర్నూలు ఉపాధ్యాయిని

ముగ్గురికీ నమస్కారాలు. కడప అన్న రాసినది చదివాక ఆ యువకుడికి ఫోను చేసి, “డిపాజిట్ పోయినా వచ్చే దీపావళికి ఇక్కడే ఉంటావా? మీ పార్టీని ఎవరిలోనైనా కలిపేస్తే నువ్వేం చేస్తావు?” అని అడిగాను. మొదటిదానికి వెంటనే ఉంటానని చెప్పాడు. రెండోదానికి చాలాసేపు ఆలోచించి, తాను పార్టీలో చేరాలా, స్వతంత్రుడిగా నిలబడాలా అన్నది ఇంకా తేల్చుకోలేదని నిజాయితీగా ఒప్పుకొన్నాడు. పార్టీ గుర్తింపు సంగతి, విలీనం సంగతి రెండూ వివరంగా చెప్పాను. ఎన్నికలకు ఇంకా సమయం ఉంది కాబట్టి అతను ఏమి చేస్తాడో చూసి నిర్ణయించుకొంటాను.

బూత్ అంకెల విషయం మా నాన్నకు చదివి వినిపించాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, “ఏడు కనబడతాయి గానీ రెండు నూర్లు ఎవరివని లెక్క పెడతారు?” అన్నారు. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు సుగ్గి కాలంలో పడినప్పుడు, అభ్యర్థులు గుంటూరు వరకు బండ్లు పంపి కూలీలను ఓటుకు తీసుకొని వచ్చి మళ్లీ దింపివచ్చారు. శాసనసభ ఎన్నికలు 2024లో లాగా మే నెలలోనే వస్తే వాళ్లంతా ఊళ్లోనే ఉంటారు. వాళ్ల పిల్లల పేర్లు, ఎవరు ఏ తరగతిలో బడి మానేశారన్న వివరాలు నా దగ్గర ఒక నోటుపుస్తకంలో ఉన్నాయి. ఈ వేసవి సెలవుల్లో ఆ పుస్తకం తీసుకొని, ఎవరికి ఓటు వేయమనీ అడగకుండా, ముందు ఆ ఇళ్లకు వెళ్లి రావాలని అనుకొంటున్నాను. నాన్న కూడా వస్తానన్నారు.