478కి 356 మనసులో కూడేటప్పుడు మీరు ముందు పట్టుకునేది ఒకట్లనా, వందలనా?

కొర్లగుంట అంగడి
అందరికీ నమస్కారం. మాది తిరపతిలో చిన్న కిరాణా అంగడి. పాప నాలుగో తరగతి. 478, 356 కూడమంటే నోట్లోనే 834 అనేస్తుంది. ఎట్ల చేసినావమ్మీ అంటే "478కి మున్నూరు కలిపితే 778, యాభై కలిపితే 828, ఇంగ ఆరు" అనింది. బళ్ళో మాత్రం స్టెప్పులు లేవని గీత కొట్టి, పక్కపిల్లది చూసి రాసినావా అని అడిగినారంట. ఏడ్చుకుంటా వచ్చింది. నేను కూడా అంగడిలో పెద్దవాటి నుంచే కూడతా. మీరెట్ల చేస్తారు?

లెక్కల అయ్యోరు
కోపం తెచ్చుకోవద్దు, అది తప్పు అలవాటే. పంతొమ్మిదేళ్ళుగా లెక్కలు చెప్తున్నా. కూడిక కుడి నుంచే. 8, 6 పద్నాలుగు, 4 వేసి 1 పదుల నెత్తిన పెట్టాలి. 7, 5, 1 పదమూడు, 3 వేసి 1 వందల నెత్తిన. ఎడమ నుంచి పోతే 4, 3 ఏడు అని వేసేసి, పదుల నుంచి ఒకటి రాగానే కొట్టేసి ఎనిమిది చెయ్యాలి. ఆరంకెల సంఖ్యలొస్తే పాప ఎన్నిసార్లు కొట్టేసుకుంటుంది?

బైరాగిపట్టెడ
నేను కుడి నుంచే. కళ్ళు మూసుకుంటే పలక కనిపిస్తుంది, దాని మీద చేస్తా.

చిత్తూరు బెల్లం మండీ
అయ్యోరు కాగితం సంగతి చెప్తాండారు, ఆయమ్మ అడిగింది మనసులో కూడేది. కాగితం మీద కుడి నుంచి పోతే కొట్టివేత ఉండదు, ఒప్పుకుంటా. మనసులో అట్ల పోతే ముందు 4 దొరుకుతుంది, తర్వాత 3, చివరాకరికి 8. నోటితో చెప్పేది మాత్రం ఎనిమిది వందలతో మొదలుపెట్టాల. అంటే దొరికినవన్నీ జారిపోకుండా పట్టుకోని తిరగేసి చదవాల, ఆ మధ్యలో ఎవరన్నా "అన్నా, బెల్లం ఎంత" అంటే నెత్తిన పెట్టిన ఒకటి గోవిందా. పెద్దవాటి నుంచి పోతే సగంలో ఆపినా ఎనిమిది వందల చిల్లర అని తెలిసిపోతుంది.

మా తాత అణాల కాలం మనిషి. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు పైసలు. ఆయన రూపాయలన్నీ ముందు కూడేసి, అణాలు కలుపుకుంటా పోయి, పదహారు నిండినప్పుడల్లా ఒక వేలు మడిచేవాడు. ఏ అయ్యోరు నేర్పించినాడు ఆయనకి?

జర్మనీలో చిత్తూరోడు
మనం నలభై ఏడు అంటాం, పదులు ముందు. ఇక్కడ 47ని "ఏడూ నలభై" అన్నట్టు చెప్తారు. ఫోన్ నంబరు రాసుకునేటప్పుడు నాకు ఇప్పటికీ తారుమారే. ఏ భాషలో లెక్కపెడతామో దాన్నిబట్టి కూడా ఉంటుంది.

అలిపిరి అమ్మి
మా వాడు అబాకస్ క్లాసుకి పోతాడు. కూడేటప్పుడు వేళ్ళు గాల్లో ఆడతాయి, లేని పూసల్ని జరిపినట్టు. గుజరాత్‌లో ఇట్లాంటి పిల్లల మీద పరిశోధన చేసినారు. మాటలు వల్లెవేస్తా కూడమన్నా పిల్లలు పెద్దగా తడబడలేదు, అబాకస్ రాని పెద్దోళ్ళు బాగా తడబడినారు. లెక్క ఒకరికి చూపులో, ఒకరికి మాటలో నడుస్తుంది.

గాంధీ రోడ్డు
శకుంతలాదేవి 1980లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో రెండు 13 అంకెల సంఖ్యలు 28 సెకన్లలో చేసేసింది. ఆమెని స్టెప్పులు ఎవరడిగినారు?

లెక్కల అయ్యోరు
అది గుణకారం. ఇక్కడ కూడిక. అణాలు, జర్మనీ అన్నీ వచ్చాయి, నా ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఆరంకెలొస్తే?

చిత్తూరు బెల్లం మండీ
ఆరంకెలు మనసులో ఎవరు కూడమన్నారు సారూ మిమ్మల్ని! మీలాంటోళ్ళు స్టెప్పు స్టెప్పు అని అరిచినందుకే నేను పదో తరగతి లెక్కల్లో తప్పింది. ఈరోజు నా చీటీల్లో పైసా తేడా రాదు.

లెక్కల అయ్యోరు
చీటీల మాటెత్తారు కాబట్టి చెప్తా. నాకప్పుడు పదకొండేళ్ళు. మా నాయన ఒక మండీకి మామిడికాయలు తోలుకొని పోయినాడు. నాలుగు తూకాలు, 463, 387, 451, 411. అక్కడాయన గబగబా నోటితో కూడేసి 1,612 కిలోలు అన్నాడు. ఎట్లా అని అడిగితే మా నాయనకి చదువు రాదని నవ్వినాడు. ఇంటికొచ్చి నేను బొగ్గుతో గోడ మీద కూడితే 1,712. వందల నెత్తిన రెండు పడాల్సిన చోట ఒకటే పడింది. వంద కిలోలు. కావాలని చేసినాడో పొరపాటో, రాసుంటే అక్కడే వేలు పెట్టి చూపించేవాళ్ళం. అందుకే నా పిల్లలు ప్రతి అంకె రాయాలంటాను. నోటి లెక్కని ఎదుటివాడు పట్టుకోలేడు.

చిత్తూరు బెల్లం మండీ
అంటే మండీ వాళ్ళంతా దొంగలా?

కొర్లగుంట అంగడి
అయ్యోరూ, మీ నాయనకి జరిగింది చదివి మనసు బాధేసింది. కానీ అక్కడ నోరు పెద్దది మండీ ఆయనది. ఇక్కడ తొమ్మిదేళ్ళ పిల్ల. నిన్న రాత్రి నోట్‌బుక్ తీసి చూసినా. పాప ముందు కింద 834 రాసేసి, ఆ తర్వాత పెన్సిల్ చెక్కుకోని, 7 నెత్తిన ఒకటి, 4 నెత్తిన ఒకటి చిన్నవిగా పెడతా ఉంది. ఎందుకమ్మీ అంటే "సార్ కోసం" అనింది. మీరడిగే స్టెప్పులు ఇవే అయితే, దాని తలకాయలో జరిగింది ఆ పేజీలో యాడుంది?

లెక్కల అయ్యోరు
...అది నేను అనుకోలేదు. నా క్లాసులో 52 మంది, అందరి దగ్గరా నెత్తిన ఒకట్లు ఉంటాయి. పాపని 778, 828, 834 అని మూడు వరసలు రాయమనండి. అదీ స్టెప్పే. నేనైతే మార్కులు వేస్తా. ఆరంకెల మాట మాత్రం వదలను.

చిత్తూరు బెల్లం మండీ
నేనడిగినదానికి జవాబు చెప్పలేదు మీరు.

కొర్లగుంట అంగడి
మూడు వరసలూ రాయించినా. సోమవారం బళ్ళో ఏమన్నారో వచ్చి చెప్తా.